బోర్లించిన గ్లాసు

పోయిన ఆదివారం మా మేనకోడలి కూతురు తన ఆఫీసు స్నేహితుల్ని మా ఇంటికి తీసుకొచ్చింది. విశాఖపట్నంలో మాది సముద్రపు గాలి తగిలే ఇల్లు, హాలు కూడా కాస్త పెద్దది. అందుకని వాళ్లకి అప్పుడప్పుడూ మా హాలు మీద కన్ను పడుతూ ఉంటుంది. వచ్చినవాళ్లందరూ ప్రోగ్రామర్లే. నాలుగు లాప్‌టాప్‌లు తెరిచి, ఏదో కోడింగ్ పోటీట, దాని ముందు కూర్చున్నారు. చేతులు ఒకవైపు పని చేస్తుంటే నోళ్లు ఇంకోవైపు పని చేస్తున్నాయి. జీతం ఎంతని ఎవరూ ఎవరినీ అడగలేదు గానీ, ఈఎంఐ ఎంతని మాత్రం మొహమాటం లేకుండా అడిగేసుకున్నారు. ఒక కుర్రాడు నా వైపు తిరిగి, "కోడ్ ఇప్పుడు ఏఐ రాసేస్తోంది అమ్మమ్మా, తిట్లు తినే పని ఒక్కటే మాకు మిగిలింది" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. సరిగ్గా పోటీ రసకందాయంలో పడ్డ సమయానికి కరెంటు పోయింది, దాంతోపాటు నెట్టూ పోయింది. అంతసేపూ గలగలలాడిన పిల్లలు ఒక్కసారిగా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నారు. "ఇంకేముంది, పని ఆగిపోయింది" అంది మా పిల్ల.

నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావని అడిగితే వంటింట్లోకి వెళ్లి అరడజను స్టీలు గ్లాసులు, ఒక డబ్బా చింతపిక్కలు తెచ్చి వాళ్ల మధ్య పెట్టాను. గ్లాసులన్నీ నిలబెట్టి, ఒకదాన్ని మాత్రం బోర్లించాను. "మేం దీని మీద ప్రోగ్రాములు నడిపాం" అన్నాను. పెద్దావిడకి ఎండ దెబ్బ తగిలిందేమో అన్నట్టు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బస్తరులోని బచేలిలో ఇనుప గనులు జోరుగా నడుస్తున్న రోజులవి. బైలాడీలా కొండ పైన గని, కింద కంపెనీ టౌన్‌షిప్పు, వరసలు వరసలుగా క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, ఆ పక్కన రైలు పట్టాలు. వాన పడితే ఊళ్లో కాలవలన్నీ కుంకుమ కలిపినట్టు ఎర్రగా పారేవి. మా ఆయన అక్కడ రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. మాది విజయనగరం వైపు. పెళ్లయిన కొత్తలో ఆయన ఒక ఊళ్లో, నేను ఇంకో ఊళ్లో ఉద్యోగాలు చేస్తూ ఉత్తరాల మీద కాపురం చేశాం. చివరికి గని కంపెనీ కంప్యూటర్ సెక్షన్‌లో నాకు ప్రోగ్రామరుగా ఉద్యోగం దొరికినప్పుడు, బస్తరు అడవిలోకి వెళుతున్నావా అని మా వాళ్లంతా బుగ్గలు నొక్కుకున్నారు. నేను మాత్రం స్వర్గానికి టికెట్టు దొరికినట్టు రైలెక్కాను. ఒకే ఊళ్లో ఇద్దరికీ ఉద్యోగం, ఒకే ఇంట్లో పొయ్యి. అంతకంటే నాకేం కావాలి?

మా సెక్షన్‌లో మేం నలుగురం. మా పెద్ద శ్రీకాకుళం మనిషి. వరస కలుపుకుని ఆయన్ని నేను బాబాయి గారనేదాన్ని. రెండో మనిషి రాయపూర్ నుంచి వచ్చిన భయ్యా. తిండి మీద, సామెతల్లాంటి తన సొంత మాటల మీద సమానమైన ప్రేమ ఆయనకి. మూడోవాడు సుక్మా అవతల, తెలంగాణ సరిహద్దు పల్లె నుంచి వచ్చిన కుర్రాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడనేదాన్ని. వాడు ఇంట్లో తెలుగు, సంతలో హల్బీ, ఆఫీసులో హిందీ, మిషన్‌తో ఇంగ్లీషు మాట్లాడేవాడు. "అన్నిట్ల మిషనే నయమక్కా, అది ఎదురు మాట్లాడదు" అనేవాడు. ఇక మా మిషన్ సంగతి చెప్పాలి. బీరువా అంత ఉండేది. టౌన్‌షిప్పు మొత్తంలో ఆసుపత్రి ఆపరేషన్ గదికి, పెద్ద సాహెబు గదికి, దానికి మాత్రమే ఏసీ. "దీని నెల ఖర్చు మన నలుగురి జీతం కంటే ఎక్కువ. మనం దీన్ని నడపడం లేదు, ఇదే మనల్ని పోషిస్తోంది" అనేవారు బాబాయి గారు. ఎండాకాలం వచ్చిందంటే చాలు, అన్ని డిపార్టుమెంట్ల ఆఫీసర్లకీ కంప్యూటరు మీద భక్తి పుట్టుకొచ్చేది. చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, చెమట ఆరేదాకా దాన్ని శ్రద్ధగా పరిశీలించి వెళ్లేవారు. విశ్వకర్మ పూజకి దానికి బంతిపూల దండ వేసి, దాని నెత్తిన కొబ్బరికాయ కొడతానన్న పూజారిని ఆపడానికి నలుగురం నాలుగు భాషల్లో బతిమాలాం. జీతాల లెక్కలూ అందులోనే కాబట్టి, బజారుకి వెళితే కూరగాయలమ్మే ఆవిడ దగ్గర్నుంచి డంపరు డ్రైవరు దాకా అదే సరదా: "మేడమ్ జీ, మా జీతం చివర ఒక్క సున్నా ఎక్కువ నొక్కండి, ఎవరికీ చెప్పం." అలా నొక్కే వీలుంటే ముందు మా జీతాలకే నొక్కుకోమా అని భయ్యా నిట్టూర్చేవాడు.

మిషన్ మీద సొంత సరదాలకి వీల్లేదు. ఆఫీసు పనికే దాని సమయం చాలేది కాదు. అందుకని శనివారం ఒంటిపూట అయిపోగానే బాబాయి గారి క్వార్టరు వరండాలో మా పోటీ పెట్టుకునేవాళ్లం. ఒకరు లెక్క ఇస్తారు, మిగిలినవాళ్లు ప్రింటరు కాగితాల వెనక వైపు ప్రోగ్రాం రాస్తారు. దాన్ని నడిపే మిషన్ ఎవరయ్యా అంటే, మా పిన్ని. బాబాయి గారి భార్య, కంపెనీ బళ్లో లెక్కల టీచరు. ఆవిడంటే టౌన్‌షిప్పులో సగం మందికి హడల్. పెళ్లిళ్లలో కనబడినా ఎక్కం అప్పచెప్పమంటుందని పిల్లలు పందిరి వెనక దాక్కునేవారు. ఆవిడ పీట వేసుకుని, ముందు స్టీలు గ్లాసులు పేర్చుకుని, మేం రాసింది ఒక్కొక్క వరసే చదువుతూ అచ్చంగా అదే చేసేది. ఒక అంకె ఉంచమంటే గ్లాసులో అన్ని చింతపిక్కలు వేసేది. ఒకసారి నేను ఆగమని రాయడం మరిచిపోతే, ఈ గ్లాసులోవి ఆ గ్లాసులోకీ, ఆ గ్లాసులోవి ఈ గ్లాసులోకీ పోస్తూనే కూర్చుంది. టీ చల్లారింది, వాన వెలిసింది, ఆవిడ మాత్రం ఆగలేదు. "ఇంక చాలు పిన్నీ" అంటే, "ఆగమని నువ్వు రాసేవేటి?" అంది తలెత్తకుండా. ఓడినవాళ్లు టీ పెట్టాలని నియమం. మగవాళ్లు పెట్టిన టీ తాగడానికైనా గెలవాలని నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసేదాన్ని. మొదట్లో అప్పుల అంకెలకి, అంటే సున్నా కంటే తక్కువ వాటికి, పల్లీలు వాడేవాళ్లం. ఒకరోజు లెక్క తేలకపోతే వెతగ్గా వెతగ్గా, రాయపూర్ భయ్యా మెమరీ తినేస్తున్నాడని తేలింది. ఆ తరవాత వాటి స్థానంలో సీతాఫలం గింజలు వచ్చాయి.

పిన్ని పెట్టిన ఒక నియమం మాత్రం మాకందరికీ చాదస్తంగా ఉండేది. గ్లాసు నిలబెట్టి ఉండి, లోపల ఏమీ లేకపోతే అది సున్నా. ఇంకా ఏ అంకే చెప్పకపోతే మాత్రం గ్లాసును బోర్లించి ఉంచాలి. బోర్లించిన గ్లాసు జోలికి వెళ్లే వరస ఏదైనా వస్తే, ఆవిడ చేతులు కట్టుకుని ఆగిపోయేది. "రెండూ ఖాళీయే కద పిన్నీ, ఏంది ఫరకు?" అని తమ్ముడు వాదించేవాడు. "పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నోడూ, పరీక్షకే రానోడూ ఒకటేనేట్రా?" అని ఆవిడ నోరు మూయించేది. ఆవిడ బళ్లో వాళ్లిద్దరికీ పడే దెబ్బలు వేరువేరని విన్నాను.

అలా హాయిగా సాగుతున్న రోజుల్లో హెడ్డాఫీసు నుంచి ఒక కబురు వచ్చింది. గూడ్సు బండికి ఖనిజం నింపే లెక్క మా సెక్షన్ పనుల్లో ముఖ్యమైనది. యార్డులో ఖనిజం పోగులు పోగులుగా ఉంటుంది. ఒక పోగులో ఇనుము ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. ఏ పోగు నుంచి ఎంత తీసి కలిపితే కొనేవాళ్లకి మాట ఇచ్చిన ఇనుము శాతం సరిగ్గా వస్తుందో చెప్పే ప్రోగ్రాం మేం నలుగురం కలిసి రాశాం. ఇప్పుడు ఆ పని చెయ్యడానికి హెడ్డాఫీసున్న నగరంలోనే ఒక కంపెనీ దగ్గర కొత్త సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఉందట. దాన్నీ మాదాన్నీ ఒకే రోజు, ఒకే బండి మీద పరీక్ష చేస్తారట. వాళ్లది గెలిస్తే బచేలిలో కంప్యూటర్ సెక్షన్ ఎత్తేసి, మమ్మల్ని హెడ్డాఫీసుకి మారుస్తారట. భయ్యాకి నగరంలో తిండి బాగుంటుందన్న ఊరట ఉంది. నాకు ఆ ఊరటా లేదు. మా ఆయన స్టేషన్ వదిలి రాలేడు. మళ్లీ ఉత్తరాల కాపురమో, లేకపోతే ఉద్యోగం మానెయ్యడమో. ఆ రాత్రి అన్నం సయించలేదు. "మానెయ్యమని నేననను, వెళ్లిపొమ్మని అస్సలనను. ఏటి చేస్తాం మరి, గెలిచీడమే" అన్నారు మా ఆయన. సులువుగా అన్నారు గానీ ఆయన కంచంలోనూ అన్నం అలాగే ఉండిపోయింది. మా పాపని అప్పుడే పిన్ని బళ్లో వేశాం. అది కొత్త పలక పక్కలో పెట్టుకుని నిద్రపోతోంది.

పరీక్ష రోజుకి నగరం వాళ్లు జీపులో దిగారు. వాళ్ల నాయకుడు ఇస్త్రీ చొక్కా నలగకుండా ఘాటు రోడ్డు ఎక్కి వచ్చిన కుర్రాడు. మంచివాడే. వాళ్ల మిషన్ మా బీరువాలో పదో వంతు ఉంది. దాని తెర మీద రంగులు కూడా వచ్చాయి. మా నలుపూ ఆకుపచ్చా తెర ముందు నిలబడి, "దీనికి పింఛను ఎప్పుడిస్తారు సార్?" అని అడిగాడు ఆ కుర్రాడు బాబాయి గారిని. "దాని పేరు మీద లోను తీసుకున్నాం బాబూ, అది తీరీదాకా రిటైరవ్వనివ్వం" అన్నారు ఆయన. పరీక్ష చూడడానికి వచ్చిన హెడ్డాఫీసు సాహెబు కూడా నవ్వాడు. మధ్యాహ్నం బండి వస్తుంది. ల్యాబు నుంచి పోగుల రిపోర్టు రాగానే రెండు మిషన్లూ లెక్క మొదలుపెట్టాలి.

రిపోర్టు వచ్చేలోపే కొండ మీద నుంచి వాన వచ్చింది. బైలాడీలా వాన చెప్పి రాదు. ఉరుము ఉరిమింది, ఎక్కడో పిడుగు పడింది, కరెంటు పోయింది. టౌన్‌షిప్పు జనరేటరు ఆసుపత్రికీ లోడింగ్ ప్లాంటుకీ సరిపోతుంది. మా గదికి చాలదు. రంగుల తెరా ఆకుపచ్చ తెరా కలిసి నల్లబడ్డాయి. కుర్రాడు చేతులు దులుపుకుని, ఇంకోరోజు పెట్టుకుందామన్నాడు. అంతలో స్టేషన్ నుంచి ఫోను. మా ఆయన గొంతు. "బండి వచ్చీస్తంది. ఆపడం నా చేతుల్లో లేదు. వెనక ఇంకోటుంది." హెడ్డాఫీసు సాహెబు విసుక్కున్నాడు. పాత రోజుల్లోలాగా కంటి అంచనాతో నింపెయ్యమంటానని ఫోను అందుకోబోయాడు.

అప్పుడు బాబాయి గారు, టీ తాగుదామా అన్నంత మామూలుగా, "మా ప్రోగ్రాం కరెంటు లేకపోయినా నడుస్తుంది సార్" అన్నారు. సాహెబు అది హాస్యమనుకున్నాడు. కానీ అప్పటికే తమ్ముడు గొడుగు కూడా తీసుకోకుండా బడి వైపు పరుగెత్తాడు. భయ్యా అందరినీ క్యాంటీన్‌కి నడిపించి, అక్కడి గ్లాసులన్నీ ఊడ్చుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ప్రోగ్రాం ప్రింటు మా దగ్గర ఉండనే ఉంది. పిన్ని నడపడానికి వీలుగా పొట్టిగా రాసే అలవాటు మాకు ముదిరిపోయింది కదా, ఆఫీసు ప్రోగ్రామూ అలాగే రాశాం. తడిసిన చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పిన్ని వచ్చింది, వెనకే వాళ్ల క్వార్టరు నుంచి గింజల డబ్బాలు పట్టుకుని తమ్ముడు. చేతికి ఇంకా సుద్దపొడి ఉంది. ఆ బల్ల ముందు కూర్చుని, "ఇదేటి, సాహెబ్బాబుల ముందా?" అని గొణిగి, వెంటనే మిషన్ అయిపోయింది. ఒక్కో పోగుకి ఒక్కో గ్లాసు. కావలసిన శాతం కంటే ఇనుము ఎంత ఎక్కువుంటే అన్ని చింతపిక్కలు, ఎంత తక్కువుంటే అన్ని సీతాఫలం గింజలు. సరిగ్గా కావలసినంతే ఉంటే సున్నా, ఖాళీ గ్లాసు. భయ్యా వరసలు చదువుతున్నాడు, నేను క్యాంటీన్ బోర్డు మీద జవాబులు రాస్తున్నాను, తమ్ముడు తల తుడుచుకుంటూ అప్పుడే వచ్చిన ల్యాబు రిపోర్టు చూసి అంకెలు చెబుతున్నాడు. కిటికీల దగ్గర క్యాంటీన్ వాళ్లు, గుమస్తాలు, వానకి ఆగిన డ్రైవర్లు గుంపుగా చేరారు.

సగం దాకా సాఫీగా నడిచింది. తరవాత పిన్ని చెయ్యి గాలిలో ఆగిపోయింది. ముందున్న గ్లాసు బోర్లించి ఉంది. "ఈ పోగు సంగతి చెప్పలేదు" అంది. తమ్ముడు రిపోర్టు తిప్పి చూశాడు. వాన మూలంగా ఆ పోగు నమూనా ల్యాబుకి రాలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశారు. "ఖాళీ అంటే సున్నాయే కదా, కానివ్వండి" అన్నాడు సాహెబు హిందీలో, గడియారం చూసుకుంటూ. పిన్ని చేతులు కట్టుకుంది. "సున్నా అయితే సున్నా అని చెప్పమనండి. తెలీదంటే తెలీదని చెప్పమనండి. నేను మాత్రం ముట్టుకోను."

ఆ మాటతో మా తప్పు నాకు కనబడింది. మా లెక్కలో సున్నా అంటే మచ్చ లేని పోగు, సరిగ్గా కావలసిన ఖనిజం. కరెంటు ఉండి ఉంటే మా బీరువా ఆ ఖాళీ గడిని సున్నా అనుకునేది. అనుకుని, అన్నిటికంటే మంచి పోగు ఇదేనని దాని నుంచే ఎడాపెడా తీసి బండికి నింపమనేది. ఇన్ని శనివారాలు పిన్ని మా నెత్తిన మొట్టిన సంగతిని మేమెవరమూ ఆ ప్రోగ్రాంలో రాయలేదు. సుద్దముక్కతో బోర్డు మీదే ఒక వరస చేర్చాను: గ్లాసు బోర్లించి ఉంటే ఆ పోగును ఇవాళ వదిలెయ్యాలి. భయ్యా దాన్ని గట్టిగా చదివాడు. పిన్ని బోర్డు వైపు చూసి, వరసలో తప్పు లేదని నిర్ధారించుకుని, ఆ గ్లాసును పక్కకి జరిపి, తరవాతి గ్లాసు అందుకుంది. గింజలు మళ్లీ గలగలలాడాయి.

చివరి జవాబు బోర్డు మీద రాసేసరికి స్టేషన్ వైపు నుంచి బండి కూత వినబడింది. బాబాయి గారు లోడింగ్ ప్లాంటుకి ఫోను చేసి అంకెలు చదివారు. కిటికీల దగ్గర జనం కేకలు వేశారు. ఎవరో డంపరు డ్రైవరు, "అమ్మగారూ, మా జీతంలో సున్నా కూడా మీరే పెట్టండి" అని అరిచాడు. పిన్ని అటు చూసేసరికి వెనకాలవాడి వెనక్కి తప్పుకున్నాడు.

సాయంత్రం కరెంటు వచ్చింది. నగరం కుర్రాడు ఎవరూ అడక్కుండానే తన మిషన్ తెరిచి, అదే రిపోర్టు వేసి లెక్క కట్టించాడు. చాలా అందమైన రంగుల్లో వచ్చింది జవాబు. బండిలో సగం ఆ తెలియని పోగు నుంచే నింపమంది. మర్నాడు నమూనా పరీక్ష చేస్తే, ఆ పోగంతా వానకి కొట్టుకొచ్చిన మట్టి. కుర్రాడు ఆ కాగితాన్ని తనే తీసుకెళ్లి సాహెబుకి చూపించాడు. ఆ ధైర్యం నాకు నచ్చింది. మేం నింపిన బండి విశాఖ రేవులో వంక లేకుండా దిగిందని కబురొచ్చిన రోజునే, సెక్షన్ ఎక్కడికీ కదలదని కూడా చెప్పారు. నివేదికలో రాసుకోవడానికి మా మిషన్ ఏ మోడలని సాహెబు అడిగితే, "శ్రీకాకుళం మోడల్ సర్, ఏసీ అక్కర్లేదు, టీ చాలు" అన్నాడు భయ్యా. ఆ కబురు చెప్పడానికి నేను స్టేషన్‌కి నడిచి కాదు, పరుగెత్తి వెళ్లాను. మా ఆయన ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా ఊపుతున్నారు. నా మొహం చూసి, బండి వెళ్లిపోయాక కూడా ఊపుతూనే ఉన్నారు. ఆ శనివారం వరండాలో జిలేబీలు ఆయనవే. టీ మాత్రం నగరం కుర్రాడు పెట్టాడు. ఓడినవాళ్లే పెట్టాలన్న నియమం పిన్ని అతనికీ వర్తింపజేసింది. పంచదార ఎక్కువేశాడు. "ఎంత వెయ్యాలో మీరు రాయలేదు కదండీ" అన్నాడు. పిన్ని అంతగా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇదంతా చెప్పేసరికి మా హాల్లో పిల్లలు లాప్‌టాప్‌లు మూసేసి నేల మీద చేరారు. కరెంటు వచ్చింది కూడా, ఎవరూ లేవలేదు. ఇందాకటి కుర్రాడు కాగితం మీద ఏదో రాసి, "అమ్మమ్మా, మిషన్ ఎవరు?" అన్నాడు. పిన్ని పోయి చాలా ఏళ్లయింది. నేను పీట వేసుకుని కూర్చున్నాను. వాడి ప్రోగ్రాం మొదటి వరసే బోర్లించిన గ్లాసును ముట్టుకోమంది. నేను చేతులు కట్టుకున్నాను. అందరూ గొల్లుమన్నారు. టీ పెట్టడానికి వాడు వంటింట్లోకి వెళ్లాడు. హెడ్డాఫీసు కబురు వచ్చిన ఆ రాత్రి కంచం ముందు కూర్చుని, మా రేపటిని నేను సున్నా అనుకుని భయపడ్డాను. అది బోర్లించిన గ్లాసు మాత్రమేనని, కాలం దాన్ని తన చేత్తో తిప్పి నిలబెట్టి నింపేదాకా నాకు తెలియలేదు.